తడికకు అటూ ఇటూ

బూడిదోడు తెల్లోడి చెవి కొరికి పట్టుకున్నాడు. పెరడంతా బొచ్చు ఎగురుతోంది. ఆ కుందేళ్ల కొట్లాటకి కోటబొమ్మాళిలో ఆగని మెయిలు కూడా ఆగి చూసి పోవాల్సిందే. సోములు మాత్రం చేతిలో చెంబుతో కొయ్యలా నిలబడ్డాడు. తల్లి దినకర్మలయిన దగ్గర్నుంచీ అతనికి ఎండా తెలియడం లేదు, ఆకలీ తెలియడం లేదు.

పశువుల కాంపౌండరు జగన్నాధం వచ్చి రెంటినీ విడదీశాడు.

"మీ అమ్మ పెంచినపుడు ఒక్క బుట్టలో తొంగున్నవే. ఒక్క ఈత పిల్లలే. కానీ మగోళ్లు, వొయసొచ్చినాది. మద్దిన తడిక కట్టండి. రోజూ పొద్దున్న దీని గడ్డి దానికీ, దాని గడ్డి దీనికీ మార్సండి. వాసన అలవాటైతే ఒకదాన్నొకటి నాకుతాయి. అప్పుడు తడిక తీసీండి. అందాకా మీరిద్దరూ సెరో పక్కా కాపలా కూకోవాల."

అరుగు మీదున్న ఎల్లాజీ తలూపాడు. తల్లి కర్మలకి వచ్చిన సోములు తమ్ముడతను. కొత్తవలసలో కొత్తగా పడిన కిరండూల్ రైలు లైను మీద పట్టాలు చూసే గ్యాంగుమన్. పొలం గట్టు తగువుతో అన్నదమ్ములకి మూడేళ్లుగా మాటల్లేవు.

"ఒరే తెల్లోడా," అన్నాడు ఎల్లాజీ కుందేలుతో, "అమ్మ మిమ్మల్ని ఇడదీయొద్దన్నాది. మీరు కలిసిన్నాడే ఇద్దర్నీ అట్టుకుని బండెక్కీస్తాను. మరి రానని ఆ పెద్దమనిసికి సెప్పు."

"ఒరే బూడిదోడా, అలాగే ఎల్లమను," అన్నాడు సోములు. ఆ ఇంట్లో ఇక మిగిలేది అతనొక్కడే.

ఎనిమిది రోజులు తడికకు అటొకడూ ఇటొకడూ కూర్చున్నారు. గడ్డి మార్చారు. కబుర్లన్నీ కుందేళ్ల మీదుగానే.

"బూడిదోడా, గంజి సల్లారిపోతాది, తాగమను."

"తెల్లోడా, ఉప్పు సాలనేదని సెప్పు."

తొమ్మిదో నాడు తెల్లవారుతుండగా సోములు పెరట్లోకి వెళ్లాడు. తడిక పడిపోయి ఉంది. తెల్లోడు కళ్లు మూసుకుని తల వంచితే, బూడిదోడు వాడి చెవి నాకుతున్నాడు. తను కొరికిన చెవే.

సోములు కాసేపు చూశాడు. అరుగు మీంచి తమ్ముడి గురక వినిపిస్తోంది. తెల్లోణ్ణి ఎత్తి అవతల పెట్టాడు. తడిక నిలబెట్టి ముడేశాడు.

ఎల్లాజీ ఒళ్లు విరుచుకుంటూ వచ్చాడు. "తెల్లోడా, ఏటి కబురు?"

"ఇంకా కరుసుకుంటన్నాయని సెప్పు," అన్నాడు సోములు తలెత్తకుండా.

మర్నాడు కోడి కూయకముందే లేచాడు. ఈపాటికి మళ్లీ ఒకచోట చేరి ఉంటాయి; తమ్ముడు లేవకముందే విడదీయాలి.

తడిక నిటారుగా ఉంది. తను వేసిన ముడి లేదు. నాలుగు చుట్లు తిప్పి బిగించిన గ్యాంగువాళ్ల ముడి ఉంది. కుందేళ్లు చెరో పక్క నుంచీ సందుల్లో ముక్కులు దూర్చి ఒకదాన్నొకటి వాసన చూసుకుంటున్నాయి. పక్కనే ఎల్లాజీ, ఒళ్లంతా గడ్డి పరకలతో, నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకా కలవనేదన్నా," అన్నాడు.