నీలం చీటీ

"మళ్ళీ గురువారం, మళ్ళీ నూనె వాసన!" ఎర్మెక్ ముక్కు మూసుకుని మెట్ల మీదే ఆగిపోయాడు. "మన కింది ఇంట్లోనే ఇంత అజ్ఞానపు చీకటి!"

"బోర్సోకే కదండీ, మా అమ్మా వేయించేది" అంది భార్య అయ్‌పెరి.

"అదే మరి! మీ అమ్మా మారలేదు, ఈ కిందావిడా మారలేదు."

గురువారం నాడు ఇలా బోర్సోక్, అంటే పిండిముక్కలు, నూనెలో వేయిస్తే ఆ వాసన పోయినవాళ్ళకు చేరుతుందని తోక్మోక్ ఊళ్ళో సగం ఇళ్ళు నమ్ముతాయి. నూనె వాసన వచ్చాక ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదని ఎర్మెక్ నమ్ముతాడు. అందుకే చీటీ మీద కింది ఇంటి పెద్దావిడ బురుల్ అపా పేరే రాశాడు.

ఆ చలికాలం ఊళ్ళోని నాలుగు క్రైస్తవ సంఘాలూ కలిసి విశ్వాసులందరికీ నీలం చీటీలు పంచాయి. దేవుడికి అందరికంటే దూరంగా ఉన్న పొరుగువారి పేరు ఒకటి రాసుకోవాలి. నలభై రోజులు వాళ్ళను బాహాటంగా ప్రేమించాలి. చివరి ఆదివారం నాలుగు సంఘాలూ కలిసే కూడికకు వాళ్ళను తీసుకురావాలి. ఎర్మెక్ సంఘంలో దీనికి తోడు మరో సంగతుంది. సంఘపెద్ద కుర్చీ ఖాళీ అయింది. దాని మీద ఎర్మెక్‌కూ కన్నుంది, తిలెక్‌కూ ఉంది. తిలెక్ పొరుగాయన అప్పుడే పాటలు కూడా నేర్చేసుకుంటున్నాడట.

ఎర్మెక్ ప్రేమలో ఏ లోటూ చెయ్యలేదు. కారు వెనకద్దమంతా దేవుడి ప్రేమ గురించి పెద్ద అక్షరాలతో రాయించి, ఆ కారును బురుల్ అపా కిటికీకి అడ్డంగా నిలిపాడు. పొద్దున్నే ఆరింటికి బాల్కనీలో స్పీకరు పెట్టి పాటలు వినిపించాడు. తలుపు కింద నుంచి కరపత్రాలు తోశాడు. ఆవిడ పళ్ళెం నిండా బోర్సోక్ పట్టుకొస్తే గుమ్మంలోనే అరగంట నిలబెట్టి, చచ్చినవాళ్ళకు పెట్టే తిండి ఎంత పాపమో బోధించాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. పళ్ళెం చల్లారిపోయేదాకా విన్నది.

"ఆస్పత్రిలో రోగులకని వేయించా నాయనా. నాలుగు ఎక్కువే చేశా, పిల్లలకన్నా పెట్టు" అంటూ ఇంకేదో చెప్పబోయింది.

ఎర్మెక్ చెప్పనివ్వలేదు. సత్యం చెప్పేవాడికి వినే తీరిక ఎక్కడుంటుంది?

అయినా ఆవిడ మెత్తబడుతూనే ఉంది. తెల్లారేసరికి ఎర్మెక్ కారు మీది మంచు తుడిచేసి ఉండేది. అయ్‌పెరికి జ్వరమొస్తే, ఎర్మెక్ ప్రార్థన కూటాల్లో తలమునకలై ఉన్న మూడు రోజులూ ఆవిడే సూపు కాచి తాగించింది, పిల్లల్ని బడికి దింపింది.

"చూశారా, ప్రేమ ఎలా పనిచేస్తోందో!" అని కూటంలో సాక్ష్యం చెప్పాడు ఎర్మెక్.

"ఆ ముసలమ్మ నీ కారు తుడుస్తుంటే నువ్వేం చేస్తున్నావన్నా?" అడిగాడు తిలెక్.

"కిటికీలోంచి చూస్తూ ఆవిడ కోసం ప్రార్థిస్తున్నా."

ఒక్కటే చిక్కు. ఆదివారం రమ్మంటే మాత్రం "ఆదివారం పొద్దున నాకు కుదరదు నాయనా" అని సంచి భుజానేసుకుని బస్సెక్కేసేది. ఈ వయసులో ఈ బజారు పిచ్చేమిటో అని ఎర్మెక్ పళ్ళు కొరుక్కునేవాడు.

చివరి శనివారం వచ్చేసింది. ఆవిడ రాకపోతే కుర్చీ తిలెక్‌దే. ఎర్మెక్ స్వయంగా మెట్లు దిగి తలుపు తట్టాడు.

"రేపొక్కరోజు కాదనకు అపా. నా పరువు నీ చేతిలో ఉంది."

"రేపు పెద్ద హాల్లోనే కదూ?"

"అయితే నా కరపత్రాలు చదివావన్నమాట!" ఎర్మెక్ పొంగిపోయాడు.

"వస్తా. నువ్వూ తప్పకుండా వస్తావు కదా?"

"భలేదానివే! నేను రాకపోవడమేమిటి?"

"మాట తప్పకు నాయనా" అంది. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. పాపం, పశ్చాత్తాపం మొదలైంది అనుకున్నాడు ఎర్మెక్.

మర్నాడు హాలు కిటకిటలాడింది. ఎర్మెక్ ఆవిడను అందరికీ కనబడేలా ముందు వరసలో కూర్చోబెట్టి, ఒంటరిగా వచ్చిన తిలెక్ వైపు చూసి జాలిగా తలాడించాడు. పొరుగాయనకు జలుబట.

"మీరు రాసుకున్న మనిషి ఇవాళ వచ్చి ఉంటే, లేచి నిలబడి చీటీ పైకెత్తండి!" అన్నాడు పాస్టరు వేదిక మీదినుంచి.

ఎర్మెక్ దిగ్గున లేచి చీటీ పైకెత్తాడు. "బురుల్ అపా!" అని వెనక వరసలకు కూడా వినబడేలా అరిచాడు. చప్పట్లు మోగాయి.

పక్కన బురుల్ అపా మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది. సంచిలో చెయ్యి పెట్టి, మరో సంఘం ముద్ర ఉన్న, మడతలు నలిగిన నీలం చీటీ ఒకటి తీసి పైకెత్తింది.

దాని మీద ఎర్మెక్ పేరుంది.