బస్తాలవాడి వీపు

“ఎవడీడు?”

తెరిచిన ట్రంకుపెట్టె ముందు చతికిలబడి సన్యాసిరాజు ఫొటో పైకెత్తాడు. పోర్టులో సరుకు మోసే కలాసీగా చేరి, క్రేను డ్రైవరై కేబిన్‌లో కూర్చున్న మనిషి. కూర్చుని కూర్చుని బొర్ర పెంచాడు. ఎక్కడికెళ్ళినా ముందు బొర్ర వెళ్ళేది, వెనకాల ఆయన. దుప్పటి కోసం భార్య పెట్టె వెతుకుతుంటే పట్టుచీర అడుగున దొరికిందది.

ఫొటోలో ఒక మనిషి రెండు బస్తాలు ఒకేసారి భుజాలకెత్తుకుని ఓడ వైపు వెళ్తున్నాడు. తల బస్తాల చాటున ఉంది. కనిపించేదల్లా వీపే. అలాంటిలాంటి వీపు కాదు, తలుపుచెక్కంత వీపు. ఎడమ రెక్క కింద శనగగింజంత పుట్టుమచ్చ.

చేటలో బియ్యం ఏరుతున్న తాయారు గబుక్కున పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

“అదెక్కడ దొరికిందండి మీకు? పెళ్ళికి ముందు మా అన్నియ్య తెచ్చి సూపించేడు. ఓడలోని దొరెవడో తీసేడంట.”

“పేరేటి?”

“పోండి! పేరు నానెలాగ సెప్తాను? సిగ్గు నేదేటి?”

“నచ్చేడా?”

“ముకం సూడకుండానే మనసు పడిపోనాను,” అంది చేటలోకి చూసి నవ్వుకుంటూ. “ఆ ఈపు సూసి.”

సన్యాసిరాజు గుండెలో కుంపటి రాజుకుంది. తనకంటె ముందొచ్చిన సంబంధమన్నమాట! తప్పిపోయినవాడి ఫొటోని ఇన్నేళ్ళూ పట్టుచీర కింద పడుకోబెట్టిందన్నమాట!

ఆ ఆదివారం తలంటుకి ఆమె నూనెగిన్నె తెస్తే, “నా ఈపు నువ్వు రుద్దక్కర్నేదు” అన్నాడు. చెయ్యందక సగం వీపు నూనె లేకుండానే మిగిలిపోయింది.

తాయారు అన్న పైడయ్య వన్‌టౌన్‌లో తాలింఖానా నడుపుతాడు. కుర్రాళ్ళచేత దండీలూ బస్కీలూ తీయించడం అతని పని. మనుషుల్ని ఏడిపించడం సరదా. ఫొటో పట్టుకుని సన్యాసిరాజు అక్కడికెళ్ళాడు.

“బావా, నాకంటె ముందు మీ సెల్లికి తెచ్చిన ఈ సంబంధం ఎవడిది?”

పైడయ్య ఫొటో అందుకుని చూశాడు. బావ బొర్ర చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు. మీసం కింద ఏదో కదిలితే దగ్గేశాడు.

“ఈడా! అబ్బో, ఈడి పేరు సెప్తే పోర్టులో బస్తాలు వొణికీవి.”

“ఇప్పుడేడీ?”

“ఏటవుతాడు? ఇక్కడే ఉన్నాడు. రోజూ మీ గుమ్మం దాటే పన్లోకెల్తాడు.”

సన్యాసిరాజు ముందుకి జరిగాడు. “తాయారు సూస్తాదా?”

“సూడకేటి? కనపడినంత దూరం సూస్తాది.”

“ఆణ్ణి సూపించు. సొక్కా పట్టుకుంతాను.”

“ఈ బొర్రతోనా? నువ్వు లెగిసి నిలబడీలోపు ఆడు యారాడ కొండెక్కి దిగొచ్చేస్తాడు. ముందు ఒళ్ళు సెయ్యి. అప్పుడు సూపిత్తాను.”

మర్నాడే లంగోటీ బిగించి మట్టిలోకి దూకాడు సన్యాసిరాజు. పైడయ్య భుజం పట్టి ఆపాడు.

“కుళ్ళుతో దండీలన్నీ ఒకేసారి తీసేస్తే నడుం పట్టేస్తాది బావా. కొంచెం కొంచెం పెంచు. ముక్కుతో ఊపిరి పీల్చు. ఒళ్ళు వేడెక్కినాకే బరువు ముట్టుకో.”

బస్సు మానేసి పోర్టుకి నడిచాడు. అన్నం కుప్ప తగ్గించి చోడంబలి తాగాడు. బజ్జీలబండి వస్తే ఊపిరి బిగబట్టి దాటాడు. ఇక చాలనిపించినప్పుడల్లా ఆ వీపు కళ్ళముందు నిలిచేది. పళ్ళు కొరికి మరో దండీ తీసేవాడు.

దారిలో చూపంతా వీపుల మీదే. కలాసీలు చొక్కాలిప్పితే వెనక చేరేవాడు. బీచిలో వల లాగుతున్న జగ్గయ్య చుట్టూ తిరిగితే, అతను విసుక్కున్నాడు.

“ఏటి బాబూ, నా ఈపుకి సేప గానీ అంటుకుందా?”

ఎవరి వీపునా ఆ మచ్చ లేదు.

ఇంట్లో తాయారుకి మాత్రం కొత్త కళ వచ్చింది. సన్యాసిరాజు పనికి బయల్దేరే వేళకి తలలో పువ్వులు పెట్టుకుని గుమ్మంలో నిలబడుతోంది. ఒకరోజు వీధి మధ్య చటుక్కున తిరిగాడు. ఇంకా చూస్తూనే ఉంది. ఆ చూపు పట్టుకుని ముందుకు వెతికితే, ముసలి రిక్షావాడు తప్ప ఎవరూ లేరు. వెధవ, సందులోకి తప్పుకున్నట్టున్నాడు!

సాయంత్రం పక్కింటి జోగమ్మతో ఆమె అంటున్న మాట చెవిన పడింది.

“రోజురోజుకీ ఆ ఈపు మరీ ముద్దొస్తందొదినా.”

ఆ రాత్రి చోడంబలి కూడా దిగలేదు.

వానాకాలం పోయేసరికి సన్యాసిరాజు ప్యాంటు నడుం మీద నిలబడ్డం మానేసింది. ఒక ఆదివారం తాలింఖానాలో పైడయ్య చొక్కా పట్టుకున్నాడు.

“ఇయ్యాల సూపించకపోతే ఊరుకోను బావా.”

“పద మరి. ఈపాటికి మీ ఇంటికే వస్తంటాడు.”

సన్యాసిరాజు పరుగు లంకించుకున్నాడు. ఇల్లు చేరినా ఆయాసం రాలేదు. పెరట్లో తాయారు ఒక్కర్తే నూనెగిన్నెతో కూర్చుని ఉంది.

“ఏడీ ఆడు?”

“ఎవరండీ?”

వెనకే రొప్పుకుంటూ వచ్చాడు పైడయ్య. “సొక్కా ఇప్పి పీట మీద కూకో బావా. ఆడికి నీ ఒళ్ళు సూపించాలి గదా.”

సన్యాసిరాజు చొక్కా విసిరేసి, పిడికిళ్ళు బిగించి, వీధి తలుపుకేసి చూస్తూ కూర్చున్నాడు. తన దగ్గరే ఉంచుకున్న ఫొటోని వెనక తాయారు చేతిలో పెట్టాడు పైడయ్య.

“ఒలే తాయారూ, ఈడెవడో మీ ఆయనకి సెప్పీయే. పేరొద్దులే. యేలెట్టి సూపించు సాలు.”

తాయారు నూనె వేలు సన్యాసిరాజు ఎడమ రెక్క కింద, శనగగింజంత మచ్చ మీద ఆగింది.