రేపు చూద్దాం

మండలాఫీసు పాత కంప్యూటర్లో లినక్స్ అనే తేలికపాటి సాఫ్ట్‌వేర్ వేసుకుని, గుమస్తా పైడిరాజు దాన్ని పదేళ్లపాటు తన చేతికి తగ్గట్టు మలుచుకున్నాడు. రైట్ క్లిక్ కొడితే చాలు, ప్రతి అర్జీ దాని ఫోల్డర్లోకి వెళ్లిపోయేది. తలనొప్పి అర్జీలకు 'రేపు చూద్దాం' అని ఒక ఫోల్డర్ పెట్టాడు. దాన్ని ఎన్నడూ తెరవలేదు.

ఆ సెట్టింగులన్నీ నేర్చుకున్న యంత్రం వచ్చాక అతని ఉద్యోగం పోయింది. ఇవాళ పింఛను అర్జీతో అదే ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డాడు.

"తీసుకున్నాం, రేపు రండి," అంది యంత్రం.

అద్దం వెనక తెర కనబడుతోంది. ఎడమవైపు ప్యానెల్, ఆకుపచ్చ ఫోల్డర్లు, అన్నీ తను అమర్చినవే. తన అర్జీ ఏ ఫోల్డర్లోకి వెళ్లిందో చూశాడు.

వెనకనున్న ముసలమ్మ అడిగింది. "రేపొస్తే పనైపోద్దేటి బాబూ?"