పచ్చ జీపు, తెల్ల జీపు

“రెండిట్ల ఏది మంచిది? సూటిగ చెప్పు మెహమూద్” అన్నారు సిద్దిరాములు.

నందికొండ డ్యాం కార్యాలయం వెనుక యార్డులో రెండు పాత జీపులు పక్కపక్కన నిలిచి ఉన్నాయి. ఒకటి పచ్చది, రెండవది తెల్లది. పనికిరానివని రాసి రెండింటినీ అమ్మకానికి పెట్టారు. పన్నెండు గంటలకు టెండర్ల పెట్టె మూసివేస్తారు. ఇంకా ముప్పావు గంట ఉన్నది. వరండా గోడకు అంటించిన షరతులలో నాల్గవదానిని సిద్దిరాములు వచ్చీ రాగానే వేలు పెట్టి చూపించారు. ఒకే మనిషి పేరు మీద రెండు టెండర్లు కనబడితే రెండూ చెల్లవు. ఇక్కడ ఇంజనీరుగా ఉన్న రోజులలో ఆయన స్వయంగా చేర్చిన షరతు అది.

మెహమూద్ పచ్చ జీపు వైపు చూశాడు. పదహారేళ్లు ఆ పచ్చ జీపును నడిపినవాడు అతడే. పక్క సీటులో కూర్చున్నవారు సిద్దిరాములే. ఆయన రెండేళ్ల క్రితం రిటైరయ్యారు. పోయిన నెల జీపును పక్కన పెట్టడంతో దినకూలి డ్రైవరైన మెహమూద్ పని కూడా పోయింది. ఇక ఆ జీపు చేతికి వస్తేనే బతుకు. హాలియా దాకా మనుషులను ఎక్కించుకొని తిప్పవచ్చు. భార్య రబియా వెండి కడియాలు అమ్మి ధరావతు కట్టి, పొద్దున్నే దానికి టెండరు వేసి వచ్చాడు. ఒక జీపుకు టెండరు వేయడానికి వచ్చిన సార్‌కు ఆ సంగతి తెలియదు. చెబితే ఆయన తప్పుకొనేవారే. కాని పదహారేళ్లలో ఆయనను ఏదీ అడగని నోరు ఇప్పుడూ పెగలలేదు.

“తెల్లదే మంచిగున్నది సార్. పచ్చదాని పనైపోయింది” అన్నాడు.

సిద్దిరాములు మాట మీద ఆగే మనిషి కారు. రెండూ నడిపి చూపమన్నారు. యార్డులో వర్క్‌షాపు దాకా ఎత్తుగా ఒక దారి ఉన్నది. ముందు తెల్లదానిని మెహమూద్ బతిమాలుతున్నట్టుగా నడిపాడు. అది పొగ కక్కుతూనే పైకి ఎక్కింది. దారిలో సార్ ఏవేవో అడిగారు. వెనుక ఎందరు పడతారు, బండి విడి సామాన్లు మిర్యాలగూడలో దొరుకుతాయా, వానకు పైన గుడ్డ కారుతుందా అని. ఆయన ఇంట్లో ఉన్నది ఇద్దరే మనుషులు. వెనుక ఎందరు పడితే ఈయనకెందుకని మెహమూద్ అనుకున్నాడు.

పచ్చదానిలో ఎక్కినప్పుడు అతడు హ్యాండ్‌బ్రేకును కొద్దిగా లాగి అలాగే ఉంచాడు. బండి సగం ఎత్తు దాకా పోయి మూలగసాగింది. కాలిన వాసన వచ్చింది.

“నేనున్నప్పుడు గిట్ల లేకుండె గద.”

“మీరు పోయినంక దాన్ని చూసినోళ్లెవరు సార్?”

సిద్దిరాములు దిగి బానెట్ మీద అరచేయి పెట్టి కొంచెంసేపు నిలబడ్డారు. మంచి బండి ఉండెనని మాత్రం అన్నారు. మెహమూద్ డ్యాం వైపు చూస్తూ ఉండిపోయాడు.

వరండాలో బల్ల ముందు కూర్చుని ఆయన టెండరు కాగితం నింపారు. తరువాత దానిని మడిచి, అడుగు భాగం ఒక్కటే కనబడేట్టు మెహమూద్ ముందుకు జరిపి, సంతకం పెట్టమన్నారు. సాక్షి సంతకమేమో అనుకున్నాడు. పదహారేళ్లు లాగ్ బుక్కులో సార్ వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాడు. చదవడం అతని పని కాదు. ఇప్పుడూ అలాగే పెట్టాడు. సార్ కవరు అంటించి, తన చేతితోనే పెట్టెలో వేశారు.

పన్నెండు కొట్టింది. గుమాస్తా బిక్షం పెట్టె తెరిచాడు. పచ్చ జీపుకు వచ్చినవి ఐదు కవర్లు. నాలుగు పాత ఇనుము వ్యాపారులవి. ఐదవదే అన్నిటికన్నా ఎక్కువ.

“షేక్ మెహమూద్, తండ్రి బాబా మియా” అని చదివాడు బిక్షం.

మెహమూద్ తల వంచుకున్నాడు. జీపు దక్కింది, సార్ ముఖం చూసే ధైర్యం పోయింది.

“నువ్వేసినవా?” అన్నారు సిద్దిరాములు.

“మాఫ్ చేయుండ్రి సార్. పచ్చదే మంచిది. హ్యాండ్‌బ్రేకు నేనే గుంజి పెట్టిన.”

ఆయన ఆ మాట విన్నట్టు లేదు. కుర్చీలో నుంచి లేచారు. “బిక్షం, తెల్లదానికి నేనేసిన కవరు విప్పకు. నాకు వాపసియ్యి.”

నిజం తెలిసింది కనుక పాడుబండి వద్దంటున్నారని మెహమూద్ అనుకున్నాడు. అతనికి ఇంకా సిగ్గనిపించింది.

బిక్షం నొచ్చుకున్నాడు. “పెట్టెల పడ్డ కవరు విప్పక తప్పదని నేర్పింది మీరే గద సార్.”

వెనుక ఇనుము వ్యాపారి ఒకడు నవ్వాడు. పెద్దసార్లకు ఒక రూలు, తమకొక రూలా అని అడిగాడు. జీవితంలో ఏనాడూ రూలు సడలించమని ఎవరినీ అడగని సిద్దిరాములు మెల్లగా కూర్చున్నారు. ఆయన చూపు బిక్షం చేతి మీదనే ఉన్నది.

తెల్ల జీపుకు వచ్చింది ఒకటే కవరు. బిక్షం దానిని చించి, కాగితం విప్పి, పేరు చూసి ఆగాడు. ఒకసారి మెహమూద్‌ను, ఒకసారి గోడ మీది నాల్గవ షరతును చూశాడు. తరువాత ఎర్ర సిరా కలం మూత తీసి, గొంతు సవరించుకొని చదివాడు.

“షేక్ మెహమూద్, తండ్రి బాబా మియా.”