హేమ నోరు మూసుకున్న నలభై తొమ్మిది రోజులు

“ఇలా వాగితే ఈ గుంటకి ఏదో ఓ రోజు గొంతు పడిపోతాది మావా. నాకు బయ్యంగా ఉన్నాది,” అంది దేవి, ఎండుచేపలు తిరగేస్తూ.

వల బాగుచేసుకుంటున్న ఆమె మొగుడు ఎల్లాజీ తలెత్తలేదు. “నీకు బయ్యం కానిది ఏటుందే? నిన్న నాను తుమ్మితే ఆస్పత్రికి పదమన్నావు.”

దేవి భయం అలాంటిదే గానీ, హేమ నోరూ అలాంటిదే. రెండో తరగతి చదివే ఆ పిల్ల నోరు నిద్రలో తప్ప మూతపడదు. తాత దాచుకున్న చుట్టల కట్ట, సరుగుడు తోట పక్కన తాబేలు పెట్టిన గుడ్లు, పక్కింటి పిల్లకి కుదరబోతున్న సంబంధం, ఏది ఆమె కంటపడినా పొద్దు గూకేలోపు పల్లెంతా తెలిసిపోయేది. నిరుడు తాతకి చుట్టలు దక్కలేదు, గుడ్లున్న చోట గొయ్యి మిగిలింది, సంబంధమైతే తప్పిపోయింది.

ఆ మర్నాడు పొద్దున్నే హేమ ఇసక కాళ్ళతో సముద్రం వైపు నుంచి పరిగెత్తుకొచ్చింది.

“అమ్మా, పీతకి పక్కకి నడవడం ఎవులు నేర్పినారు?”

“దేవుడు.”

“సొరచేపకి అన్నేసి పళ్ళు ఎవులిచ్చినారు?”

“ఆ దేవుడే.”

“సముద్రంలో ఇన్నిటిని సేసినాడు కదా, ఒక్కడే అన్నిటినీ ఎలా కాస్తాడే?”

పొయ్యి మీద పులుసు పొంగుతోంది. దేవికి విసుగొచ్చింది.

“నువ్వు నోరు మూసుకుంటే కాస్తాడు. పో.”

హేమ నోరు మూసుకుంది.

మొదటి రోజు దేవికి హాయిగానే ఉంది. రెండో రోజు అలిగిందనుకుంది. మూడో రోజు చేప ముళ్ళు తీసి ముద్ద కలిపి పెడితే తింది, నవ్వింది, తలూపి వెళ్ళిపోయింది. మాట మాత్రం రాలేదు. దేవి ఎల్లాజీ దగ్గరికి పరిగెత్తింది.

“నా నోటితో నానే అన్నాను మావా. పడిపోతాదనీ నానే అన్నాను, మూసుకోమనీ నానే అన్నాను. ఏ దేవుడు ఇన్నాడో.”

“అలక. తీరిపోతాది,” అన్నాడు ఎల్లాజీ.

తీరలేదు. బడికి వెళ్ళి అడిగితే మాస్టారు, “రాత బాగానే రాస్తోందమ్మా. తరగతి కూడా ప్రశాంతంగా ఉంది. తొందరేం లేదు,” అన్నారు. శ్రీకాకుళంలో డాక్టరు గొంతులో లైటు వేసి చూసి, అంతా శుభ్రంగా ఉందని చెప్పి బలానికి సిరప్ రాశాడు. దేవి శ్రీముఖలింగం స్వామికి మొక్కుకుంది. పిల్ల మాట్లాడితే తలనీలాలిస్తానంది. పిల్లవి కాదు, తనవే.

రోజులు గడిచే కొద్దీ కొత్త భయాలు. హేమ పొద్దున్నా సాయంత్రం సముద్రం వైపు పోయి వస్తోంది. గోళ్ళ నిండా ఇసక, చేతుల మీద ముళ్ళ గీతలు. ఎల్లాజీ పాత వల ముక్క కనిపించడం లేదు. తన కంచంలో అన్నం సగం తీసుకెళ్ళి వీధికుక్కలకి పెట్టి, అవి కదలకుండా అరుగు దగ్గరే కూర్చోబెట్టుకుంటోంది. పొయ్యి వెనక గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీస్తోంది.

ఆ గీతలు చూసి పక్కింటి జగ్గమ్మ బుగ్గలు నొక్కుకుంది.

“సముద్రం కాడ గాలి సోకినాదే నీ పిల్లకి. ఏదో గడువు లెక్కెడతన్నాది.”

“గడువు నిండితే ఏటవుతాది పిన్నీ?”

“నానేటి సెప్తాను? నువ్వే సూస్తావు గదా,” అని జగ్గమ్మ హేమ చేతికి నల్లదారం కట్టింది.

ఆ సాయంత్రం దేవి పిల్లని లోపల పెట్టి తలుపు గడియ వేసింది. హేమ తలుపు దగ్గర కూలబడి, చప్పుడు లేకుండా, ఎక్కిళ్ళు పట్టేలా ఏడ్చింది. చివరికి ఎల్లాజీయే గడియ తీశాడు.

“పోనీయే. కాళ్ళు నొప్పెడితే అదే వస్తాది.”

గోడ మీద నలభై తొమ్మిదో గీత పడిన మర్నాడు, తెల్లవారుతుండగా దేవి లేచి చూస్తే పక్కలో పిల్ల లేదు.

జుట్టు ముడేసుకుంటూ పరిగెత్తింది. ఇసక మీద ఎవరో చీపురుపుల్లలతో గీసినట్టు సన్నటి గీతలు సరుగుడు తోట పక్కనుంచి నీళ్ళ దాకా ఉన్నాయి. వాటిని చూసే తీరిక ఆమెకెక్కడిది? గీతలు ఆగిన చోట హేమ నిలబడి ఉంది. పాదాల మీంచి నురగ పోతోంది. ఒళ్ళంతా ముందుకు వంచి నీళ్ళలోకే చూస్తోంది. గడువు నిండిపోయిందని దేవికి అర్థమైంది. వెనకనుంచి వెళ్ళి పిల్లని రెండు చేతులా వాటేసుకుంది.

“తప్పయిపోనాది తల్లీ. ఆ మాట ఎనక్కి తీసుకుంటన్నాను. పీత గురించి అడుగు, సొర గురించి అడుగు, ఊరంతా సాటింపేసుకో. ఒక్క మాట మాటాడవే.”

హేమ వేలు పెదవి మీద పెట్టుకుంది. ఓ కెరటం వచ్చి వెళ్ళింది. ఇంకోటి వచ్చింది. నురగ ఇంకిపోయి ఇసక నున్నగా మిగిలాక, హేమ తల్లి మెడ చుట్టూ చేతులు వేసి గొంతు సవరించుకుంది.

“నాను నోరు మూసుకున్నాను కదమ్మా, దేవుడు తాబేలు పిల్లలన్నిటినీ కాసినాడు.”