ఏడో నంబరు గది ముందు

ఏడో నంబరు గది తలుపు ఇంకా తెరవలేదు.

ఓంకార్ గోడకు తల ఆనించి కూర్చున్నాడు. సరిగ్గా నిద్రపోయి పది రోజులైంది. హైటెక్ సిటీలోని ఆఫీసుకు జ్వరమని చెప్పాడు. కొత్తగూడలో తనుండే హాస్టల్ దగ్గరైతే ఎవరైనా చూస్తారని చందానగర్ దాకా, ఈ ప్రభుత్వాసుపత్రికి వచ్చాడు.

బెంచీ మీద పక్కనే ఒక పెద్దావిడ. వెలిసిన నేత చీర, అరిగిన చెప్పులు.

"కొత్తగ వచ్చినవా బిడ్డా?"

"నాకు కాదు. ఫ్రెండ్ కోసం."

"అందరు గట్లనే అంటరు." ఆమె నవ్వలేదు. "ఏమైంది నీ దోస్తుకు?"

దాచే ఓపిక కూడా అతనికి మిగల్లేదు.

"పుండు లేచిందమ్మా. నొప్పి లేదు. అయినా వాడేం తప్పు చెయ్యలేదు. ఆ అమ్మాయితో... దగ్గరగా ఉన్నాడు, అంతే. అంతకు మించి ఏమీ జరగలేదు. ఫోన్లో వెతికితే మాత్రం ఎయిడ్స్ అనే వస్తోంది."

"ఒళ్లు తాకితే, ముద్దు పెడితే ఎయిడ్స్ రాదు. ముందు ఆ ఫికర్ తీసెయ్. కని, ఏం జరగలేదు కాబట్టి ఏం కాదనుకునుడు గూడ తప్పే. పుండుకు ఒళ్లు తాకితే చాలు, అంటుకునే రోగాలున్నయి. సిఫిలిస్ గట్లనే వస్తది. సూదితోని పోతది. ఆ పిల్లకు గూడ చెప్పాలె."

ఓంకార్ బిత్తరపోయాడు.

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

"ఈడ కూసుని కూసుని తెలుసుకున్న."

ఆమెకూ అలాంటి రోగమే ఉందని అతనికి అనిపించింది. బెంచీ చివరికి జరిగాడు. బ్యాగు తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు.

ఆమె చూసింది.

"పరీక్ష చేయించుకోకుండ పోకు బిడ్డా. జర నా మాట విను."

"మీ సంగతి మీరు చూసుకోండి."

ఆమె లేచి అవతలి బెంచీకి వెళ్లింది.

ఓంకార్ కూడా లేచాడు. గేటు దాకా వెళ్లిపోయాడు. సూదితోని పోతది అన్న మాట దగ్గర కాళ్లు ఆగాయి. కాసేపు నిలబడి, వెనక్కి వచ్చాడు.

లోపల డాక్టరు చెప్పినదీ అదే. హెచ్‌ఐవీ లేదు, మూడు నెలలకు ఇంకోసారి చూద్దామన్నారు. ఉన్నది సిఫిలిస్. సూది వేశారు.

సాయంత్రం ఫ్లైఓవర్ కింద టీ కొట్టు దగ్గర ఆ అమ్మాయికి, దేవిశ్రీకి, చెప్పాడు.

"మన మధ్య ఏమీ జరగలేదు కదా?"

"ఈ జబ్బుకు అంత మాత్రం చాలట. రేపు నువ్వూ చూపించుకోవాలి. నేనూ వస్తాను."

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది.

"నాకు చెప్పకుండా ఊరుకోవచ్చుగా నువ్వు."

"ఊరుకోవచ్చు."

ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఇద్దరూ అడగలేదు. మర్నాడు పరీక్షలో ఆమెకూ అదే తేలింది. ఆమెకూ సూది వేశారు.

మూడు నెలల తర్వాత రెండో పరీక్షలోనూ హెచ్‌ఐవీ లేదని తేలింది. ఓంకార్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని నర్సు రేఖ దగ్గరికి వెళ్లాడు.

"సిస్టర్, ఇక్కడ ఒక పెద్దావిడ కూర్చునేది. ఆమెకు క్షమాపణ చెప్పుకోవాలి."

"కిష్టమ్మనా? ఇగ రాదు. ఆమె పెనిమిటి ఒక అపార్ట్‌మెంటుల వాచ్‌మన్ ఉండె. ఆ పని పోయింది. పోయిన నెల ఇద్దరు ఊరికి పోయిండ్రు."

"ఏ ఊరు?"

"అడగలే. రోజూ కనబడే మనిషి కద, అడగాలని తోచలే."

"మరి ఆమెకు మందులెలా?"

రేఖ చేస్తున్న పని ఆపి అతని వైపు చూసింది.

"ఆమెకు ఏ రోగం లేదు సార్. కొడుక్కి ఇరవై రెండేండ్లు. ఒక్క ముద్దుకే ఎయిడ్స్ అంటుకున్నదని భయపడి, రిపోర్టు రాకముందే పానం తీసుకున్నడు. తెల్లారి ఆ కాయితం కోసం కిష్టమ్మ మొదటిసారి ఈడికి వస్తే, దాంట్ల ఏం లేదని నేనే చదివి చెప్పిన."