కొండకిచ్చిన గడువు

జూన్ ఏడో తారీఖు. ఆ మధ్యాహ్నం ఆవిడ తిన్నది రెండు రొట్టె ముక్కలు, ఒక అరటిపండు. అదీ నిలబడే, చేతిలో సుత్తి దించకుండా. పొద్దు గూకేలోపు ఆ రాళ్లలో ఒక్క ఆకైనా చూపించకపోతే మర్నాడు కొండను పేల్చేస్తానని క్వారీ యజమాని గడువు పెట్టాడు.

రాయిగా మారిన మొక్కల్ని చదవడమే ఆవిడ ఉద్యోగం. కోట్ల ఏళ్లనాటి అడవి ఇక్కడ నిద్రపోతోందని ఎంత చెప్పినా అతను వినలేదు. మ్యూజియంలో ఉన్న ఆకు రాళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చారో ఎవరు చూశారట? రాయి తన కళ్ల ముందు పగలాలి, ఆకు తన కళ్ల ముందు బయటపడాలి.

పొద్దుటి నుంచి పగలగొట్టిన ప్రతి రాయీ బోడిదే.

"మీ అడవిలో ఆకురాలు కాలమేమో మేడంగారూ," అన్నాడు యజమాని, గొడుగు కింద కుర్చీలోంచి.

నీళ్ల సీసాలు మోయడానికి వచ్చిన భర్త, ఎండ వాలాక ఒక రాయి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఇదొక్కటీ చూడమన్నాడు. ఒక్క దెబ్బకి రెండు చెక్కలైంది. లోపల నల్లగా, ఈనెలతో సహా, ఫెర్న్ మొక్క రెమ్మ.

ఆవిడ పగిలిన అంచు మీద వేలితో రాసి చూసి, సుత్తి దించేసింది. యజమాని ఆ చెక్కలు అటూ ఇటూ తిప్పి చూసి, ఏ సంగతైందీ ఫోన్లో చెబుతానని వాళ్లను పంపేశాడు.

ఇల్లు చేరాక ఆవిడ అడిగింది.

"ఏమండీ, ఏం జిగురు పెట్టారు?"

చెప్పులు విప్పుతున్నవాడు ఆగిపోయాడు. "నీ అవస్థ చూడలేకపోయాను. అయినా అది ఆ కొండదేగా?"

ఆ కొండదే. పెళ్లయిన కొత్తలో అక్కడ ఏరి ఆవిడే అతనికిచ్చింది. అప్పటినుంచీ అది అతని తలగడ పక్కనే ఉండేది. ఆవిడకి కోపం రావాలి. రాలేదు. కానీ అబద్ధమాడి కొండను నిలబెట్టుకోవడం ఆవిడ వల్ల కాదు.

"చెప్పేస్తే కొండ పోతుంది," అన్నాడు భర్త.

తెలుసంటూనే ఆవిడ యజమానికి ఫోన్ చేసి, జరిగిందంతా దాచకుండా చెప్పింది.

"రాళ్ల మధ్యే నా తల నెరిసింది మేడంగారూ. పగిలిన రాయికీ ఊడిన రాయికీ తేడా తెలీదా?"

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"మీవారు నా వంక చూడకుండా ఖాళీ సీసాలే సర్దుతున్నారు. నోరు రాలేదు. మీరు వెళ్లాక, ఇక్కడ ఆకూ లేదు అలమూ లేదని తేల్చేద్దామని నేనే సుత్తి పట్టుకున్నా."

"తర్వాత?"

"రేపు పేల్చేవాళ్లని రావద్దని చెప్పేశా. అది సరే, ఇక్కడ వాన పట్టుకుంది. నాకు దొరికిన ఈ ఆకు తడిస్తే పాడవుతుందా?"

కాగితంలో చుట్టి లోపల పెట్టమంది ఆవిడ.

కాగితం గలగల. ఆ తర్వాత, లోపల పసిబిడ్డను పడుకోబెట్టినట్టు, అతను తలుపు మెల్లగా దగ్గరికి వేసిన చప్పుడు.